టెక్సస్‌లో జడ్జీలూ ఓటు అడుగుతారు: కొత్తగా వచ్చినవాళ్ళకి

మొన్న డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో మా తోడల్లుడి తమ్ముడు ఫోను నా ముందు పెట్టి, "అన్నా, సుప్రీంకోర్టు జడ్జి ఎన్నికలకి చందా అడుగుతున్నారు, ఇరవై ఐదు డాలర్లేగా" అన్నాడు. కార్డు అప్పటికే చేతిలో ఉంది. హెచ్1బి మీద వచ్చి నాలుగు నెలలు. ఫోను లాక్కున్నాను.

ఆ మెసేజ్ మోసం కాకపోవచ్చు. మన దగ్గర కొలీజియం సిఫారసు చేస్తే రాష్ట్రపతి జడ్జిలను నియమిస్తారు. ఇక్కడ టెక్సస్ సుప్రీంకోర్టులో చీఫ్ జస్టిస్‌తో కలిపి తొమ్మిది మంది, అందరూ పార్టీ గుర్తింపుతోనే పోటీ చేస్తారు. మార్చిలో ప్రైమరీ (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నిక), నవంబరులో అసలు ఎన్నిక, గెలిస్తే ఆరేళ్ళు. రోడ్డు పక్కన బోర్డుల మీద 'ప్లేస్ 2' అని కనిపిస్తే అదేదో ఊరనుకోకండి. అది కుర్చీ నంబరు. ఏ కుర్చీకైనా రాష్ట్రమంతా ఓటేస్తుంది.

మధ్యలో కుర్చీ ఖాళీ అయితే గవర్నర్ నియమిస్తారు, రాష్ట్ర శాసనసభలోని సెనేట్ ఆమోదించాలి. రాష్ట్ర శాసనసభ మామూలుగా బేసి సంవత్సరాల్లో 140 రోజులే కూర్చుంటుంది కాబట్టి, చాలాసార్లు ఆమోదం తర్వాత వస్తుంది, జడ్జి ముందే పనిలో చేరతారు. తర్వాతి సాధారణ ఎన్నికల్లో మాత్రం ఓటర్ల ముందుకు రావాల్సిందే. 1989 నుంచి ఆ కోర్టులో ఉన్న చీఫ్ జస్టిస్ నేథన్ హెక్ట్‌కి 75 ఏళ్ళ వయోపరిమితి అడ్డొచ్చి 2024 చివర్లో దిగిపోయారు. అదే కోర్టులో ఉన్న జిమ్మీ బ్లాక్‌లాక్‌ని గవర్నర్ ఆబట్ 2025 జనవరిలో చీఫ్ జస్టిస్‌ని చేశారు. ఆయన్ని 2018లో ఆ కోర్టుకి తెచ్చిందీ ఆబటే. పేరుకి ఎన్నికలే అయినా, ఖాళీలు గవర్నర్ చేతిలో ఎంత బలమో నాకిక్కడే అర్థమైంది.

ఇక నా అసలు బాధ వినండి. హెచ్1బి, ఎఫ్1, ఎల్1, ఏ వీసా మీదున్నా అమెరికా ఎన్నికలకి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. జడ్జి ఎన్నికైనా, స్కూల్ బోర్డు ఎన్నికైనా అంతే. ఎవరింట్లోనో భోజనాలని పిలుస్తారు, పులిహోర పక్కనే చందా కాగితం ఉంటుంది, మొహమాటపడతారు. పడకండి! "నాకు అర్హత లేదండీ" అనండి, చాలు. గ్రీన్‌కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వాళ్ళకీ లేదు.

నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. వచ్చిన రెండో నెలలో డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్ళి, ఓటరుగా నమోదు చేయాలా అన్న చోట 'అవును' గడిలో టిక్ పెట్టాను. మన దగ్గర ఓటరు కార్డు అన్నిటికీ పనికొచ్చే ప్రూఫ్ కదా, ఇదీ అలాంటిదే అనుకున్నా. కౌంటర్లో ఆవిడ నా పాస్‌పోర్టు చూసి, పెన్ను మొనతో ఆ గడి చూపించి, ఏమీ అనకుండా కొత్త ఫారం ఇచ్చింది. పౌరుణ్ణని తప్పుగా చెప్పుకుంటే గ్రీన్‌కార్డుకి శాశ్వతంగా అడ్డం పడొచ్చని ఆ రాత్రి చదివాక నిద్ర పట్టలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఫారం చదవకుండా సంతకం పెడతారెందుకు? పొరపాటున పెట్టేసి ఉంటే దాచొద్దు, ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి. జ్యూరీ డ్యూటీ (కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందంలో కూర్చోమనే) కాగితం వస్తే చించి పారేయకుండా, పౌరుణ్ణి కాదన్న గడిలో టిక్ పెట్టి వెనక్కి పంపండి.

న్యూజెర్సీకి మారితే ఈ జడ్జి ఎన్నికల బోర్డులుండవు. అక్కడ గవర్నర్ ఒక జడ్జి పేరు సూచిస్తే సెనేట్ ఒప్పుకోవాలి, మొదట ఏడేళ్ళు, మళ్ళీ నియమిస్తే 70 ఏళ్ళ వయసు దాకా.

సరే, మరీ టెన్షన్ పడకండి. మీ వీసా టెక్సస్ జడ్జిల చేతిలో లేదు, అది ఫెడరల్ వ్యవహారం. ఇల్లు, ఇన్సూరెన్స్, విడాకుల లాంటి సివిల్ తగాదాలకే టెక్సస్ సుప్రీంకోర్టు చివరి మెట్టు. క్రిమినల్ కేసులకి వేరే పెద్ద కోర్టుంది, దానికీ ఎన్నికలే. మా తమ్ముడు ఆ మెసేజ్ తీసేశాడు, అంతకుమించి చేయాల్సిందేమీ లేకపోయింది.