మిర్చి బిల్లులో లేబుళ్లు వరస తప్పితే

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్టుకి పైథాన్, టికింటర్‌తో (తెరమీద కిటికీలు, లేబుళ్లు చేసిపెట్టే పైథాన్ లైబ్రరీ) చిన్న బిల్లు ప్రోగ్రామ్ రాశాను. 'రైతు పేరు', 'బస్తాలు', 'నికర తూకం' లేబుళ్లను స్పేస్‌లు కొట్టి వరసలో పెట్టాను. ఇంట్లో చక్కగానే ఉంది. కొట్టులో కంప్యూటర్‌లో ఫాంట్ వేరు, అంతా వంకర. "ఏంట్రా, తాగి రాశావా?" అన్నాడు బాబాయి.

తెలుగు ఫాంట్లలో ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు, స్పేస్‌లతో వరస కుదరదు. అందుకని స్పేస్‌లన్నీ తీసేసి గ్రిడ్‌లోకి, అంటే అడ్డం నిలువు గళ్లలోకి మార్చి, లేబుళ్లకు స్టికీ (గడిలో ఏ అంచుకి అతుక్కోవాలో చెప్పేది) 'ఈ' ఇచ్చాను, అంటే తూర్పు, కుడివైపు. అయినా కుదరలేదు! జస్టిఫై (లైన్లను ఎటువైపు సర్దాలో చెప్పేది) మార్చి మార్చి ఒక సాయంత్రం పోయింది. అది ఒకటికి మించి లైన్లున్న లేబుల్‌కే పనిచేస్తుందట.

అసలు దొంగ విడ్త్, అంటే లేబుల్ వెడల్పు. అన్ని లేబుళ్లకూ 20 ఇచ్చాను. దాంతో లేబుళ్ల డబ్బాలన్నీ ఒకే వెడల్పయ్యాయి. స్టికీ జరిపేది ఆ డబ్బాని, లోపలి అక్షరాలను కాదు. వాటిని జరిపేది యాంకర్, ఏమీ ఇవ్వకపోతే అది మధ్యలో ఉంచుతుంది. యాంకర్ కూడా 'ఈ' చేశాను, గీత గీసినట్టు నిలబడ్డాయి. ఆ విడ్త్ తీసేసినా సరిపోయేది.

బాబాయి ఇప్పుడు అక్షరాలు పెద్దవి చేయమంటున్నాడు.