గొంతు నొప్పికి వేలి చుక్కతో సీఆర్పీ: అంకె తీయడం, చదవడం

గొంతు నొప్పితో క్లినిక్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కారణం వైరస్సే. యాంటీబయాటిక్ అవసరమయ్యేది ముఖ్యంగా గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ పట్టినప్పుడు. పిల్లల గొంతు నొప్పుల్లో 20 నుంచి 30 శాతం, పెద్దవాళ్లలో 5 నుంచి 15 శాతం దానివల్ల వస్తాయి. వేలి చుక్కతో చేసే సీఆర్పీ (రక్తంలోని సీ-రియాక్టివ్ ప్రోటీన్) పరీక్షకు ఆ బాక్టీరియా కనబడదు. ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు ఎంత గట్టిగా స్పందిస్తోందో అది కొలుస్తుంది, అంతే. అందుకే మీటరు చేతికి తీసుకోవడం ఆఖరి పని.

మొదట టార్చి వేసి గొంతు చూడండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటిందా, టాన్సిల్స్ మీద తెల్లని చీము పొర ఉందా, మెడ ముందువైపు బిళ్లలు కట్టి నొక్కితే నొప్పిగా ఉన్నాయా, దగ్గు లేకుండా ఉందా? ఒక్కోదానికి ఒక మార్కు. వయసు 3 నుంచి 14 ఏళ్లయితే ఒకటి కలపండి, 45 దాటితే ఒకటి తీసేయండి. ఒకటి లేదా అంతకన్నా తక్కువ వస్తే ఏ పరీక్షా అక్కర్లేదు. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోయినవాళ్లకు వేలు గుచ్చడం దండగ.

రెండు, ఆపైన వస్తే ముందు చేయాల్సింది స్ట్రెప్ రాపిడ్ స్వాబ్ (గొంతును దూదిపుల్లతో రుద్ది కిట్ మీద అక్కడే చేసే పరీక్ష), ఎందుకంటే అది నేరుగా ఆ బాక్టీరియానే వెతుకుతుంది. నాలుకను అదిమిపెట్టి రెండు టాన్సిల్స్‌నీ, గొంతు వెనక గోడనూ గట్టిగా రుద్దాలి. నాలుకకో బుగ్గకో తగిలితే స్వాబ్‌కు ఉమ్మే అంటుకుంటుంది, ఫలితం తప్పుడు నెగటివ్ వస్తుంది. కిట్ మీద టీ అక్షరం దగ్గరి గీత లేతగా కనిపించినా పాజిటివే. కిట్ చెప్పిన సమయం దాటాక కనిపించే గీతను లెక్కలోకి తీసుకోవద్దు.

స్వాబ్ కిట్ లేకపోయినా, స్వాబ్ ఫలితానికీ రోగి వాలకానికీ పొంతన కుదరకపోయినా సీఆర్పీ అక్కరకొస్తుంది. కార్ట్రిడ్జ్‌ను (రక్తం వేసి మీటరులో పెట్టే డబ్బీని) ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు గది వేడికి వచ్చేదాకా ఆగాలి. చల్లగా ఉండగానే వాడితే రసాయన చర్య మందగించి అంకె తప్పుతుంది. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గది మీటరు తట్టుకునే వేడిని దాటిపోతుంది కాబట్టి పెట్టె మీద రాసిన హద్దు చూసుకోండి.

రోగి చెయ్యి గోరువెచ్చని నీళ్లతో కడిగించి, మధ్యవేలు గానీ ఉంగరపు వేలు గానీ ఎంచుకోండి. స్పిరిట్ దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద గుచ్చితే చుక్క గుండ్రంగా నిలవదు, వేలి మీద పాకిపోతుంది, స్పిరిట్ కలిసి ఎర్రకణాలు చిట్లుతాయి. వేలి కొస నడిమిన కాకుండా పక్కగా గుచ్చండి. మొదటి చుక్క తుడిచేయండి. రెండోది కందిగింజంత అయ్యాక సన్నటి క్యాపిలరీ గొట్టం కొసను చుక్కకు అలా తాకించి ఊరుకోండి, రక్తం దానంతటదే ఎక్కుతుంది. వేలిని పిండితే కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. గొట్టంలో బుడగ వచ్చినా అంతే. గొట్టం బయట అంటిన రక్తాన్ని తుడవకపోతే మాత్రం అంకె పెరుగుతుంది. కొన్ని మీటర్లకు 20 మైక్రోలీటర్లు కావాలి, కొన్నింటికి 2 కూడా అక్కర్లేదు. ఇంత చిన్న కొలతలో ఏ పొరపాటైనా పెద్దదే.

అంకె వచ్చాక మొదట యూనిట్ చూడండి. డెసిలీటరుకు 2.4 మిల్లీగ్రాములంటే లీటరుకు 24. ల్యాబ్ రిపోర్టును మీటరుతో పోల్చేటప్పుడు ఇక్కడే పది రెట్ల తప్పు దొర్లుతుంది. తర్వాత జబ్బు ఎప్పుడు మొదలైందో అడగండి. సీఆర్పీ పెరగడానికి కనీసం 6 గంటలు, గరిష్ఠానికి చేరడానికి దాదాపు 48 గంటలు పడుతుంది. పొద్దున జ్వరం వచ్చిన పిల్లకు మధ్యాహ్నం 8 చూపిస్తే ధీమాపడకండి, మర్నాడు మళ్లీ చేయండి. రక్తహీనత ఉన్నవాళ్ల సంగతి వేరు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 40 అనుకుని లెక్కగట్టే మీటరు, అది 25 ఉన్న మనిషికి అసలు కన్నా పావు వంతు ఎక్కువ చూపిస్తుంది.

సీఆర్పీ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపైతే యాంటీబయాటిక్ వద్దు, 100 దాటితే ఇవ్వాలి అనే హద్దులు బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2014లో న్యుమోనియా అనుమానం కోసం పెట్టినవి. గొంతు నొప్పికి అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. అడినోవైరస్ పిల్లల్లో సీఆర్పీని బాక్టీరియా స్థాయికి లేపగలదు, టాన్సిల్స్ మీద తెల్లపొర కూడా తెస్తుంది. కాబట్టి రెండో రోజున అంకె తక్కువగా ఉంటే యాంటీబయాటిక్ ఇవ్వకుండా ఉండటానికి అది బలమైన ఆధారం. ఎక్కువగా ఉన్నంత మాత్రాన మందు మొదలుపెట్టడానికి అదొక్కటే చాలదు. వంద దాటితే మళ్లీ నోరు తెరిపించి, టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టిందేమో చూడండి.

ఈ పనికి ఏఎస్ఓ (స్ట్రెప్‌ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను కొలిచే రక్తపరీక్ష) రాయకండి. ఆ యాంటీబాడీలు వారం తర్వాత పెరిగి, 3 నుంచి 5 వారాల్లో గరిష్ఠమవుతాయి. కీళ్లవాత జ్వరం (స్ట్రెప్ గొంతు తర్వాత వచ్చి గుండె కవాటాలను దెబ్బతీసే జబ్బు) అనుమానంలో అది కావాలి, ఇవాళ్టి గొంతుకు కాదు.

స్వాబ్ పాజిటివ్ వచ్చి, పెన్సిలిన్ అలర్జీ లేకపోతే అమోక్సిసిలిన్ కిలోకు 50 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి, గరిష్ఠంగా 1000, పది రోజులు. మూడో రోజుకు నొప్పి తగ్గగానే ఇంట్లో మానేస్తారు. గుండె కవాటాలను కాపాడేది ఆ మిగిలిన ఏడు రోజులేనని తల్లికి ముందే చెప్పండి.

చొంగ కారుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, ఊపిరి తీస్తుంటే గురక చప్పుడు వస్తున్నా వేలు గుచ్చుతూ కూర్చోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి పంపండి. తుడిస్తే రక్తం కారే బూడిదరంగు పొర కనిపిస్తే డిఫ్తీరియా అనుకునే కదలాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అయితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి.