ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ మెషిన్ బిగించేముందు చూసుకోవాల్సినవి

ఈ మెషిన్‌లో మోటారు పైన వేలాడుతుంది, దాని తిప్పుడు తొడుగు లోపలుండే వంగే షాఫ్ట్ ద్వారా కిందికి వస్తుంది, చేతిలో ఉండేది సన్నటి పిడి, అంటే హ్యాండ్‌పీస్ మాత్రమే. బరువు తెలియదు కాబట్టి వేగమూ తెలియదు. కానీ ఆ కొసన ఉన్న బిట్ (కోసే, పాలిష్ చేసే ముక్క) 15,000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) పైన కూడా తిరగగలదు. పనిలో ఎంత జాగ్రత్తగా ఉన్నా, బిగింపు సరిగా లేకపోతే లాభం లేదు.

మోటారును కదలకుండా బోల్టులతో బిగించేయకండి. గట్టి హుక్కుకు తగిలించి, అటూ ఇటూ ఊగనివ్వండి. ఊగకపోతే మోటారు మూతి దగ్గరే షాఫ్ట్ మడత పడుతుంది. హ్యాండ్‌పీస్‌ను వదిలేస్తే దాని కొస బల్లకు రెండు మూడు అంగుళాల పైన వేలాడాలి. పనిచేసే చోటికి లాగినప్పుడు పైతొడుగు విశాలంగా వంగాలి గానీ ఎక్కడా మడత పడకూడదు. మడత పడినచోట లోపలి షాఫ్ట్ తొడుగుకు రాసుకుని వేడెక్కుతుంది, కొన్నాళ్లకు తెగుతుంది. ఐదు నిమిషాలు నడిపాక తొడుగు పొడవునా చేత్తో తడిమి చూడండి. ఒక్కచోటే వేడి తగిలితే హుక్కు ఎత్తు మార్చండి.

వేడి తొడుగులో కాకుండా హ్యాండ్‌పీస్‌లో ఉంటే రెండు కారణాలు చూడాలి. గ్రీజు ఎక్కువై కిందికి జారి బేరింగుల్లో చేరి ఉండొచ్చు. షాఫ్ట్‌కు పల్చటి పూత చాలు, మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. లేదా లోపలి షాఫ్ట్ తొడుగులోంచి కావలసినదానికన్నా ఎక్కువ బయటికొచ్చి హ్యాండ్‌పీస్‌ను లోపలినుంచి నెడుతుండొచ్చు. తక్కువ వస్తే పట్టు జారుతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన కొలత స్కేలు పెట్టి సరిచూడండి.

అన్నిటికన్నా భయపడాల్సింది కాలితో వేగం పెంచే ఫుట్ పెడల్‌కే. చక్‌లో (బిట్‌ను పట్టి ఉంచే భాగంలో) దాన్ని బిగించే తాళంచెవి ఉండగా కాలు పొరపాటున పడిందంటే ఆ తాళంచెవి ఎగిరి ముఖానికే వస్తుంది. బిట్ మార్చే ప్రతిసారీ కాలు పెడల్ మీంచి తీసి కుర్చీ కిందికి పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే స్విచ్ కట్టేయడంతో ఆగకుండా ప్లగ్గే పీకేయండి. ప్లగ్ త్రీ పిన్‌దైతే ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి.

బిట్ కాడలు ఎక్కువగా 2.35 మి.మీ., 3.2 మి.మీ. సైజుల్లో వస్తాయి. కాలెట్ (కాడ చుట్టూ బిగిసే చిన్న గొట్టం) ఉన్న హ్యాండ్‌పీస్ అయితే కాడకు సరిపోయే కాలెట్టే వేయాలి. తాళంచెవితో బిగించే చక్ అయితే మూడు రంధ్రాల్లోనూ వరసగా బిగించండి, ఒక్కదాంట్లో బిగిస్తే బిట్ పక్కకు ఒరుగుతుంది. కాడ ఎంత బయటికి ఉంటే అంత ఊగుతుంది, కాబట్టి వీలైనంత లోపలికి తోయండి.

కటింగ్ డిస్క్ మీద రాసిన గరిష్ఠ ఆర్పీఎం మోటారు గరిష్ఠ వేగానికి తగ్గకూడదు. పెడల్ మెల్లగానే నొక్కుతాంలే అనుకోవద్దు. కాలు ఒక్కసారి జారితే పూర్తి వేగం అందుకుంటుంది. డిస్క్ తిరిగే గీతకు ఎదురుగా ముఖం పెట్టకండి. కొత్త బిట్‌ను బల్ల అంచుకు కింద పట్టుకుని అర నిమిషం నెమ్మదిగా తిప్పి చూడండి. వణుకు ఉంటే దానితో పని మొదలుపెట్టొద్దు.

పక్కలు మూసిన కళ్లజోడు, దుమ్ముకు ఎన్95 మాస్కు తప్పనిసరి. గుడ్డ గ్లవ్స్ మాత్రం వద్దు, బిట్‌కు చుట్టుకుని వేలిని లాగేస్తాయి. చున్నీ, వదులు చేతులు, విరబోసిన జుట్టు కూడా అంతే. గొలుసులను పాలిష్ చేసేటప్పుడు వేళ్లకు చుట్టి పట్టుకోకుండా చెక్కముక్క మీద పరిచి అదిమిపట్టండి.

మోటారు ఆగి ఆగి తిరుగుతుంటే ముందు కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) చూడండి. 6 మి.మీ. పొడవుకు అరిగాయంటే జతగా మార్చేయాలి.