బ్యూనస్ ఎయిర్స్‌లో వారం రోజులు ఎలా గడపాలి?

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌కు తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లాలంటే ఒకటి రెండు చోట్ల విమానం మారక తప్పదు. ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి హోటల్ గదిలో పెట్టె దించేవరకు లెక్క వేసుకుంటే దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం. అంత దూరం వెళ్లి, ఆదివారం మాత్రమే జరిగే సంతను సోమవారం వెతుక్కోవడం, సోమవారం తెరవని మ్యూజియం గేటు ముందు నిలబడి వెనుదిరగడం బాధాకరం. అందువల్ల ఈ నగరం విషయంలో ఏయే స్థలాలు చూడాలన్న జాబితా కంటే, వారంలో ఏ రోజు ఏ పేటలో ఉండాలన్న లెక్క ముఖ్యమని నా అభిప్రాయం. కింది వివరాలన్నీ ఆ లెక్క ప్రకారమే, బుధవారం దిగి తరువాతి మంగళవారం రాత్రి తిరుగు విమానం ఎక్కేలా అమర్చాను.

బయలుదేరే ముందు

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం కాబట్టి అక్కడి రుతువులు మనకు తలకిందులుగా ఉంటాయి. జూన్, జూలై నెలల్లో చలి. జనవరిలో ఎండ, ఉక్కపోత. తిరగడానికి అక్టోబరు, నవంబరు నెలలు గాని, మార్చి, ఏప్రిల్ నెలలు గాని మంచివి. నాకైతే నవంబరు మీదే మొగ్గు, ఎందుకంటే ఆ నెలలో వీధుల వెంట జకరాండా చెట్లు ఆకు కనబడకుండా ఊదారంగు పూలు పూస్తాయి. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక టికెట్లు కొనకముందే న్యూఢిల్లీలోని అర్జెంటీనా రాయబార కార్యాలయం ప్రకటించిన తాజా నిబంధనలు చదవండి.

తిరిగి వచ్చేటప్పుడు గాని చాలామందికి తట్టని విషయం ఎల్లో ఫీవర్ టీకా. ఈ జ్వరం ఉన్న దేశాల జాబితాలో భారత ప్రభుత్వం అర్జెంటీనాను కూడా చేర్చింది. అక్కడి నుంచి వచ్చేవారి వద్ద టీకా ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపే అధికారం ఆరోగ్యాధికారులకు ఉంది. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది కాబట్టి కనీసం నెల ముందుగా ఈ పని ముగించుకోవాలి. గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే ఈ టీకా వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటిది. అక్కడ ఇచ్చే పసుపు రంగు పుస్తకాన్ని పాస్‌పోర్టుతో కలిపి చేతిసంచిలోనే ఉంచుకోండి.

అర్జెంటీనా కరెన్సీ పెసో. ద్రవ్యోల్బణం వల్ల దాని విలువ త్వరత్వరగా మారుతుంది కాబట్టి డబ్బంతా ఒకేసారి మార్చవద్దు. రెండు మూడు రోజులకు సరిపడా మార్చుకుంటూ ఉండండి. నలగని, కొత్త 100 డాలర్ల నోట్లకు మంచి ధర వస్తుంది. ఫ్లోరిడా వీధిలో నడుస్తుంటే 'కాంబియో, కాంబియో' అని పిలిచేవారు అడుగడుగునా కనిపిస్తారు. వారి వెంట వెళ్లకుండా లైసెన్సు ఉన్న దుకాణంలోనే మార్చుకోవడం క్షేమం.

మొదటి రోజు, బుధవారం: దిగడం, తెరపిన పడటం

విదేశీ విమానాలు ఎక్కువగా ఎసెయిసా విమానాశ్రయంలో దిగుతాయి. అక్కడి నుంచి నగరం నడిబొడ్డుకు 30 కిలోమీటర్ల పైమాటే. మన గడియారం కంటే అక్కడి గడియారం ఎనిమిదిన్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి మధ్యాహ్నానికే నిద్ర ముంచుకొస్తుంది. ఆ నిద్రకు లొంగకుండా బయటికి వెళ్లి రెండు పనులు చేసుకోండి. మొదటిది సుబే కార్డు కొనడం. సిటీ బస్సులకు, లోకల్ రైళ్లకు, సుబ్తే అని పిలిచే మెట్రోకు ఇదొక్కటే చాలు. కియోస్కో అనే చిన్న కొట్లలో దొరుకుతుంది. బస్సు దానంతట అది ఆగదు, స్టాపులో నిలబడి చెయ్యి చాపాలి. ముందు తలుపు నుంచి ఎక్కి, దిగే చోటు డ్రైవరుకు చెబితే ఆయన టికెట్ ధర నొక్కుతాడు, ఆ తరువాత కార్డు ఆనించాలి.

రెండవది, ఆకలి వేళలను సర్దుకోవడం. రాత్రి తొమ్మిది దాటితే గాని అక్కడి భోజనశాలలు నిండవు, చాలాచోట్ల ఎనిమిదికి ముందు వంటగదే మొదలుకాదు. సాయంత్రం ఐదు ప్రాంతంలో కాఫీతో పాటు మెదియాలూనా అనే అర్ధచంద్రాకారపు తీపి రొట్టెలు తినడం ఆ ఊరివారి అలవాటు. దాన్ని మొదటి రోజు నుంచే మీరూ పట్టుకుంటే రాత్రి భోజనం వరకు నిలబడగలరు.

శాకాహారుల కోసం ఒక మాట చెప్పాలి. 'సిన్ కార్నే' అంటే మాంసం లేకుండా అని అర్థమే గాని, అక్కడ చాలామంది ఆ మాటను గొడ్డుమాంసం వరకే తీసుకుంటారు, కోడిమాంసమో, పందిమాంసమో వేసి తెస్తారు. అందుకని 'సిన్ కార్నే, సిన్ పోషో, సిన్ హమోన్' అని మూడూ కలిపి చెప్పండి. స్పెయిన్ దేశపు స్పానిష్‌లో 'య' పలికే చాలా చోట్ల ఈ నగరవాసులు 'ష' పలుకుతారు. కోడిని పోషో అనడం అందుకే. హమోన్ అంటే ఊరబెట్టిన పందిమాంసం. కజ్జికాయ ఆకారంలో ఉండే ఎంపనాదాల్లో మొక్కజొన్న కూరినది ఉమితా, జున్ను, ఉల్లిపాయ కూరినది కేసో ఇ సెబోషా. కొరియెంతెస్ రోడ్డులోని పిజ్జా కొట్లలో ఫైనా అనే పలుచని రొట్టె తప్పక అడగండి. అచ్చంగా మన శనగపిండిని నీళ్లతో, నూనెతో జారుగా కలిపి, పొయ్యిలో అంచులు ఎర్రబడేలా కాలుస్తారు. జున్ను కారుతున్న పిజ్జా ముక్క మీద దాన్ని మూతలా పెట్టి, బల్ల ముందు నిలబడే తింటారు. పదివేల మైళ్ల దూరంలో శనగపిండి వాసన తగిలితే మనసు ఊరికే ఉండదు.

రెండవ రోజు, గురువారం: ప్లాసా దె మాయో

నగరం పుట్టిన చోటు ఈ కూడలి. 1536లో ఒకసారి కట్టి విడిచిపెట్టిన ఈ ఊరిని 1580లో మళ్లీ స్థాపించారు. చుట్టూ గులాబీ రంగు అధ్యక్ష భవనం కాసా రోసాదా, వలస పాలన నాటి పురపాలక భవనం కబిల్దో, పన్నెండు స్తంభాల ముఖద్వారం ఉన్న పెద్ద చర్చి కతీడ్రల్ ఉన్నాయి. స్వాతంత్ర్య సమరసేనాని సాన్ మార్టిన్ సమాధి ఆ కతీడ్రల్‌లోనే ఉంది. 2013లో పోప్ ఫ్రాన్సిస్ అయ్యేవరకు ఇక్కడి ఆర్చ్‌బిషప్‌గా ఉన్నది హోర్హె బెర్గోలియో.

ఉదయమంతా అవెనీదా దె మాయో వెంట పార్లమెంటు భవనం దాకా నడవండి. దారిలో 1858 నాటి కఫే తోర్తోని, 1923లో పూర్తయిన 100 మీటర్ల ఎత్తు భవనం పలాసియో బరోలో వస్తాయి. తిరుగు ప్రయాణం సుబ్తే 'ఎ' లైనులో చేయండి. 1913లో మొదలైన ఈ లైనే లాటిన్ అమెరికాలో మొట్టమొదటి మెట్రో.

మధ్యాహ్నం మూడున్నరకు మాత్రం మళ్లీ కూడలిలో ఉండాలి. 1976 నుంచి 1983 వరకు సాగిన సైనిక పాలనలో వేలమంది యువతీయువకులను ఎత్తుకుపోయి మాయం చేశారు. తమ బిడ్డలు ఏరని అడగడానికి 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు ఇక్కడికి వచ్చారు. గుంపుగా నిలబడటం నిషేధం, కదలండని పోలీసులు అదిలించారు. వారు కదిలారు, మధ్యలో ఉన్న స్తూపం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆ ప్రదక్షిణ ప్రతి గురువారం ఈనాటికీ జరుగుతోంది. తలకు కట్టుకునే తెల్లగుడ్డ వారి గుర్తు. తొలి రోజుల్లో అది పసిపిల్లలకు వాడే పొత్తిగుడ్డ. నేల పలకల మీద ఆ తెల్లగుడ్డల బొమ్మలు గీసి ఉంటాయి. ఫోటో తీయవచ్చు గాని, ముందుగా కాసేపు వారి వెనక నడవండి. ఈ వారంలో నేను దేన్నైనా వదులుకోమంటానేమో గాని దీన్ని వదులుకోమనను.

మూడవ రోజు, శుక్రవారం: తెయాత్రో కొలోన్, రెకొలెతా

140 మీటర్ల వెడల్పున్న అవెనీదా నువెవె దె హూలియోను ఒక్క సిగ్నల్‌లో దాటడం పెద్దవారికి కష్టం, మధ్య గట్టుల మీద ఆగుతూ దాటండి. 1936లో నిలిపిన 67.5 మీటర్ల స్మారక స్తంభం ఒబెలిస్కో ఆ రోడ్డు మధ్యలోనే ఉంది. దగ్గరలోని తెయాత్రో కొలోన్ 1908లో తెరిచిన ఒపెరా శాల, ధ్వని స్పష్టతకు ప్రపంచంలో పేరున్నది. గైడుతో లోపల చూపించే టికెట్ కొనుక్కోండి. కచేరీకి వీలు కుదిరితే పై అంతస్తుల చౌక టికెట్‌లో కూడా పాట చక్కగా వినిపిస్తుంది.

మధ్యాహ్నం 1822 నాటి రెకొలెతా శ్మశానవాటికకు వెళ్లాలి. పాలరాతి గదులు, గుమ్మాలు, వీధుల మలుపులతో అదొక చిన్న ఊరు. మాజీ అధ్యక్షుడు హువాన్ పెరోన్ భార్య ఎవా పెరోన్ సమాధి ఆమె పుట్టింటివారైన దువార్తె కుటుంబం పేరుతో సన్నటి సందులో ఉంటుంది కాబట్టి, గేటు దగ్గర పటం చూసుకుని వెళితే వెతుకులాట తప్పుతుంది. సాయంత్రానికి సాంతా ఫె రోడ్డులో, 1919లో నాటకశాలగా కట్టి ఇప్పుడు పుస్తకాల దుకాణమైన ఎల్ అతెనెయోలో ఒక గంట గడపండి.

నాలుగవ రోజు, శనివారం: పలెర్మో

ఇది పార్కుల రోజు. గులాబీ తోట, జపనీస్ తోట, కార్లోస్ తైస్ రూపొందించిన బొటానికల్ గార్డెన్ నడక దూరాల్లోనే ఉన్నాయి. లాటిన్ అమెరికా చిత్రకళకు మల్బా మ్యూజియం ఉంది. అది మంగళవారం తెరవరు. రాత్రికి మిలోంగా, అంటే స్థానికులు టాంగో ఆడుకునే చోటు చూడండి. పర్యాటకుల కోసం వేదిక మీద ఆడే ప్రదర్శన వేరు, ఇది వేరు. రాత్రి పదకొండు దాటాక జోరందుకుంటుంది. నాతో ఆడతారా అని నోటితో అడగరు. దూరం నుంచి కళ్లు కలిపి, తల కొద్దిగా ఊపుతారు, దీన్ని కబెసెయో అంటారు. అవతలివారు చూపు తిప్పుకుంటే కాదని అర్థం, ఎవరికీ చిన్నతనం లేదు. మూడు నాలుగు పాటలు ఒక వరస. మధ్యలో వేరే సంగీతం వినపడగానే జంటలు విడిపోయి కుర్చీలకు చేరతాయి. ఆట రానివారు కళ్లు కలపకుండా కూర్చుని చూస్తే చాలు.

ఐదవ రోజు, ఆదివారం: సాన్ తెల్మో

దెఫెన్సా వీధి పొడవునా పాత వస్తువుల సంత జరుగుతుంది. పదకొండు దాటితే కాలు పెట్టే చోటుండదు కనుక పదింటికే చేరండి. సోడా సీసాలు, గ్రామఫోన్ రికార్డులు, మాతె అనే ఆకు కషాయం తాగే వెండి గిన్నెలు అమ్ముతారు. ఇటువంటి గుంపుల్లో సంచి ముందుకు వేసుకోవాలి. మీ చొక్కా మీద ఏదో ద్రవం పడి, ఒక అపరిచితుడు తుడుస్తానంటూ దగ్గరికి వస్తే, ఆగకుండా దుకాణంలోకి వెళ్లిపోండి; అది జేబులు కొట్టేవారి పాత ఎత్తు.

ఆరవ రోజు, సోమవారం: తీగ్రె

నగరంలో మ్యూజియాలు చాలావరకు మూసి ఉండే రోజు కాబట్టి బయటికి వెళ్లడం మేలు. రెతీరో స్టేషన్ నుంచి మీత్రె లైను రైలు ఎక్కితే సుమారు గంటలో తీగ్రె చేరతారు. పరానా నది పాయలు పాయలుగా చీలిన డెల్టా అది. అక్కడి ఇళ్లకు రోడ్లుండవు, బడికీ బజారుకూ పడవే. పర్యాటకుల పెద్ద పడవ కంటే స్థానికులు ఎక్కే లాంచీలో వెళితే ఆ జీవనం దగ్గరగా కనిపిస్తుంది. దారిలో సాన్ ఇసిద్రో స్టేషన్ వస్తుంది. 1924లో పెరూ వెళుతూ జబ్బుపడి ఈ నగరంలో దిగిన రవీంద్రనాథ్ ఠాగూర్, రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో సాన్ ఇసిద్రోలోనే సుమారు రెండు నెలలు కోలుకున్నారు. ఆమెను విజయ అని పిలిచి, 'పూరబి' కవితా సంపుటిని ఆమెకే అంకితమిచ్చారు. ఒకాంపో కుటుంబ గృహం ఇప్పుడు యునెస్కో ఆధీనంలో ఉంది. వారంలో కొన్ని రోజులే సందర్శకులను రానిస్తారు. అది చూడాలనుకునేవారు పలెర్మోను సోమవారానికి జరిపి, ఈ ప్రయాణాన్ని శనివారం పెట్టుకోవచ్చు.

ఏడవ రోజు, మంగళవారం: లా బోకా, నది ఒడ్డు

ఉదయమే లా బోకాకు టాక్సీలో వెళ్లండి. రేవుకు వలస వచ్చిన కూలీలు రేకుల ఇళ్లకు ఓడలకు వేయగా మిగిలిన రంగులు పూసుకున్నారు. ఒక్కో గోడకు ఒక్కో రంగు రావడానికి అదే కారణం. కమినీతో సందును చిత్రకారుడు బెనీతో కింకెలా మార్టిన్ పూనికతో 1959లో వీధి మ్యూజియంగా మార్చారు. ఆ సందు, బోకా జూనియర్స్ మైదానం చూసి వెనక్కి రండి. పక్క వీధుల్లోకి ఒంటరిగా, చీకటి పడ్డాక అసలే వెళ్లవద్దు.

అక్కడి నుంచి కోస్తనేరా సూర్ రిజర్వుకు వెళ్లాలి. రహదారుల కోసం కూల్చిన ఇళ్ల శిథిలాలను 1970లలో నదిలో పోశారు. ఆ దిబ్బల మీద గడ్డి, చెట్లు వాటంతటవే మొలిచి, పక్షులు చేరగా, 1986లో దాన్ని సంరక్షిత ప్రాంతం చేశారు. సోమవారం, వాన కురిసిన రోజున తెరవరు. మట్టిబాట చివర గోధుమరంగు రియో దె లా ప్లాతా అవతలి ఒడ్డు కనబడనంత వెడల్పుగా ఉంటుంది. నీటి అంచున ఇటుక ముక్కలు, బాత్రూం పలకలు అలల రాపిడికి నునుపెక్కి ఇంకా కనిపిస్తాయి.

సాయంత్రం ఎసెయిసా దారిలో ట్రాఫిక్ ఎక్కువ కాబట్టి విమానానికి నాలుగున్నర గంటల ముందే హోటల్ నుంచి బయలుదేరండి. మిగిలిన పెసోలను వీలైనంతవరకు నగరంలోనే ఖర్చు చేయండి, బయట దేశాల్లో వాటిని తీసుకునేవారు అరుదు. గది తాళం అప్పగించేముందు పసుపు రంగు టీకా పుస్తకం చేతిసంచిలో ఉందో లేదో మరొకసారి చూసుకోండి.