పదమూడు ముక్కలు – పాఠం 7: ఫోన్‌లో నేర్చిన ఆట, చాప మీద ఆట

ఇప్పటివరకు రమ్మీ ప్రాక్టీసంతా ఫోన్‌లోనే చేయించాను. ఈ పాఠానికి ఫోన్ పక్కన పెట్టి, రెండు పేక కట్టలు తెచ్చుకోండి. వెనక డిజైను రెండింటికీ ఒకేలా ఉండాలి. వేరువేరుగా ఉంటే ఏ ముక్క ఏ కట్టదో ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. చిన్న విషయమే, కానీ చాలా ఇళ్లలో సగం నీలం, సగం ఎరుపు కట్టలతోనే ఆట లాగించేస్తారు.

యాప్‌లో బాగా గెలుస్తున్నవాళ్లు బంధువుల మధ్య కూర్చోగానే వరసగా ఫుల్ కౌంట్లు, అంటే ఆటకు ఎనభై పాయింట్ల దెబ్బ, తింటుంటారు. అడిగితే ‘వాళ్ల మొహాలు చదవడం నాకు రాదు’ అంటారు. మొహాల సంగతి తర్వాత. యాప్ మీ బదులు మూడు పనులు చేసిపెడుతోంది: ముక్కలు సర్దుతుంది, పడ్డవి గుర్తుపెట్టుకుంటుంది, లెక్క కడుతుంది. చాప మీద ఆ మూడూ మీరే చేసుకోవాలి. ఆ పనులకే బుర్రంతా ఖర్చయిపోతుంటే, ఇక ఎత్తులు వేసే తీరిక ఎక్కడిది?

సర్దడంతో మొదలుపెడదాం. ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కితే ఇస్పేట్లు ఒక పక్క, ఆఠీన్లు ఒక పక్క చేరిపోతాయి. చేత్తో సర్దేటప్పుడు ఎరుపు, నలుపు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా పెట్టుకోండి: ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను. ఇస్పేటు, కళావరు పక్కపక్కనే ఉంటే రాత్రి పదకొండు దాటాక, ట్యూబ్‌లైటు వెలుగులో, కళావరు తొమ్మిది ఇస్పేటు వరసలో కూర్చుని ‘షో’ (ఆట అయిందని ముక్కలు చూపించడం) కొట్టించేస్తుంది. రాంగ్ షో అంటే ఎనభై. యాప్‌లో ప్యూర్ సీక్వెన్స్ (జోకరు సాయం లేకుండా ఒకే గుర్తులో వరస ముక్కలు) కుదరగానే గుంపు కింద దాని పేరు వచ్చి, పచ్చ టిక్కు పడుతుంది. ఇక్కడ ఆ టిక్కు మీ కళ్లే వేయాలి. అందుకే షో కొట్టేముందు ఒక్కో గుంపునీ మనసులో పేరు పెట్టి చదువుకోండి: ‘డైమను జాకీ, రాణి, రాజు, ప్యూర్’. ఇక్కడ మిమ్మల్ని తరిమే టైమర్ లేదు.

ఇప్పుడు ఈ చెయ్యి నిజంగా ముక్కలతో పేర్చి చూడండి. కట్ట కోసి తీసిన జోకరు నాలుగు, అంటే ఈ ఆటలో నాలుగులన్నీ జోకర్లే, ఏ ముక్క బదులైనా పనిచేస్తాయి. మీకు వచ్చినవి: డైమను జాకీ, రాణి, రాజు, కళావరు రెండు, మూడు, నాలుగు, ఇస్పేటు ఏడు, ఎనిమిది, ఆఠీను ఎనిమిది, ఆఠీను అయిదు, కళావరు పది, ఇస్పేటు ఆసు, ఒక బొమ్మ జోకరు.

కొత్తవాళ్లు ఇక్కడ చేసే పని ఒకటుంది. నాలుగు జోకరు కాబట్టి కళావరు నాలుగును తీసి జోకర్ల పక్కన పెట్టేస్తారు. కానీ అది తన సొంత రంగులో (అంటే కళావరు గుర్తులో), సొంత చోట కూర్చుంటే జోకరు కాదు, మామూలు నాలుగే. కళావరు రెండు, మూడు, నాలుగు ప్యూర్ సీక్వెన్స్. అంటే పంచినప్పుడే మీకు రెండు ప్యూర్లు ఉన్నాయి, ఆట సగం అయిపోయినట్టే.

ఇక లెక్క. పక్కవాడు మొదటి చుట్టులోనే షో కొట్టాడనుకోండి, మీ కౌంట్, అంటే కలవని ముక్కల మొత్తం, ఎంత? బొమ్మ జోకర్‌ను ఇస్పేటు ఏడు, ఎనిమిదితో కలిపి సీక్వెన్స్ చేస్తే మిగిలేవి ఆఠీను ఎనిమిది, అయిదు, పది, ఆసు (దానికీ పదే): మొత్తం 33. అదే జోకర్‌ను రెండు ఎనిమిదులతో సెట్ (ఒకే అంకె, వేరువేరు రంగులు) చేస్తే మిగిలేవి ఏడు, అయిదు, పది, ఆసు: 32. ఒక్క కౌంటే తేడా. ఒక్కదానికి ఇంత చర్చా అనిపిస్తే కాస్త ఆగండి, ఎనభైకీ ఎనభై ఒకటికీ ఉన్న దూరం కిందకొచ్చేసరికి తెలుస్తుంది.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవడం. 1967 నవంబరులో సికింద్రాబాద్ క్లబ్ ఒకదానిపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆడే ఆట అని తేల్చింది. దానికి చెప్పిన కారణాల్లో మొదటిది, పడే ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలని. రెండోది, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలని. మూడు ముక్కలాటకు ఆ మర్యాద దక్కలేదు. ఇందులో మొదటి నైపుణ్యాన్నే యాప్‌లో ఒక చిన్న బటన్ మింగేసింది. నొక్కితే ఎవరు ఏం పారేశారో జాబితా మొత్తం కళ్లముందు ఉంటుంది. చాప మీద కనిపించేది పైన ఉన్న ఒక్క ముక్కే. దొంతిని తిప్పి చూడబోతే ‘ఏంట్రా, వెతుకుతున్నావ్?’ అని అరుస్తారు, అరవాలి కూడా.

104 ముక్కలూ గుర్తుపెట్టుకోవాలని కూర్చోకండి. ఎవరూ పెట్టుకోలేరు, అవసరమూ లేదు. మీకు కావాల్సినవే లెక్కపెట్టండి. పై చేతిలో ఇస్పేటు ఏడు, ఎనిమిదికి కావాల్సింది ఆరు లేదా తొమ్మిది. రెండు కట్టలు కాబట్టి ఆర్లు రెండు, తొమ్మిదులు రెండు, మొత్తం నాలుగు. రెండు ఎనిమిదులకు కావాల్సింది డైమను ఎనిమిది లేదా కళావరు ఎనిమిది, అవీ నాలుగే. రెండో కట్టలోని ఇస్పేటు ఎనిమిది సెట్‌కు పనికిరాదు, ఒకే రంగు రెండుసార్లు కుదరదు. మొత్తం ఎనిమిది ముక్కలు. ఇస్పేటు ఎనిమిది రెండు వైపులా పనిచేస్తోంది కాబట్టే ఆ మూడు ముక్కల బొత్తి అంత విలువైంది. మనసులో ‘ఎనిమిది’ అనుకుని మొదలుపెట్టండి. డైమను ఎనిమిది పడితే ‘ఏడు’. ఎవరో ఇస్పేటు తొమ్మిది ఎత్తుకుంటే ‘ఆరు’. నాలుగుకు దిగిందంటే ఆ బొత్తి మీద ఆశ తగ్గించుకుని, జోకర్‌ను ఎక్కడ వాడాలో మళ్లీ ఆలోచించండి. ఏడు, తొమ్మిది పట్టుకుని మధ్య ఎనిమిది కోసం కూర్చుంటే మొదటి నుంచే ఉన్నవి రెండు ముక్కలు. ఆసు, రాజు పట్టుకున్నా అంతే, రాణులు రెండే.

దీనితోపాటు మీ తర్వాత ఆడేవాడు కింద పారేసిన దొంతి నుంచి ఎత్తిన ముక్కలు మాత్రం గుర్తుంచుకోండి. మీరు పారేసేది అందేది అతనికే. మిగతావాళ్లు ఎత్తినవి వీలైతే చూడండి, లేకపోతే పోనీయండి. అతను కళావరు తొమ్మిది ఎత్తాడంటే ఇక మీ చేతి నుంచి కళావరు ఏడు, ఎనిమిది, పది, జాకీ, ఏ రంగు తొమ్మిదీ దిగకూడదు. మన చేతిలో కళావరు పది ఉంది కదా, అది ఎప్పుడు పారేయాలో ఇప్పుడు అర్థమై ఉంటుంది: అతను ఆ తొమ్మిది ఎత్తకముందే.

ఇప్పుడు మొహాల సంగతికి వద్దాం. మొహం చూసి ఆట పట్టేస్తానన్న మాట ఎవరు చెప్పినా నేను నమ్మను. మీ మేనమామ మంచి చెయ్యి వచ్చినా, చెత్త వచ్చినా ఒకేలా నవ్వుతాడు. చూడాల్సింది చేతుల్ని. ముక్క ఎత్తి, మధ్యలో దూర్చి, ఆ పక్క ముక్కే తీసి పారేశాడంటే అక్కడ ఏదో మారింది. ఎత్తిన ముక్కను కొసన అతికించి, తర్వాతి చుట్టులో ఆ కొస నుంచే పారేస్తుంటే ఇంకా ఏమీ కుదరలేదని అర్థం. చెయ్యి కింద ముక్క వైపు సగం వెళ్లి మూసిన కట్ట మీదకు మళ్లిందంటే, ఆ ముక్కకు దగ్గరిదేదో అతని దగ్గర ఉంది. ఇవేవీ యాప్‌లో కనిపించవు. అక్కడ ఎవరైనా ఆలస్యం చేస్తే ఆలోచిస్తున్నాడో, నెట్ స్లోగా ఉందో, పాలవాడు తలుపు కొట్టాడో చెప్పలేం.

మీ చేతుల్ని కూడా ఎవరో చూస్తుంటారని మరిచిపోకండి. ముక్క ఎత్తిన ప్రతిసారీ ఒక క్షణం కొసన పెట్టి, అప్పుడు సర్దండి. జోకర్లను ఎప్పుడూ ఒకే చివర గుచ్చే అలవాటుంటే మానుకోండి.

కలపడం గురించి ఒక మాట. యాప్‌లో పంపకం ప్రతి ఆటకూ పూర్తిగా కొత్తదే. ఇంట్లో అలా కాదు. 52 ముక్కల కట్టను రెండుగా విడదీసి, అంచులు ఒకదాంట్లో ఒకటి దూరేలా కలిపితే, సరిగ్గా కలవడానికి ఏడుసార్లు పడుతుందని డేవ్ బేయర్, పర్సీ డయాకోనిస్ అనే గణిత శాస్త్రజ్ఞులు 1992లో లెక్కగట్టారు. మన దగ్గర ఉన్నవి జోకర్లు కాకుండానే 104. పైగా మనవాళ్లు కలిపేది అలా కూడా కాదు, గుప్పెడు గుప్పెడు తీసి పైన వేస్తుంటారు. టీ వచ్చేలోపు మూడుసార్లు వేసి ‘కొయ్యి’ అంటారు. దానితో పాత ఆటలో షో అయిన మూడు ఎనిమిదులు చాలాసార్లు అంటుకునే ఉంటాయి. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చొప్పున పంచుతారు కాబట్టి ఆ మూడూ వరసగా ముగ్గురికి వెళ్తాయి. మీకొకటి వచ్చిందంటే అటూ ఇటూ ఉన్నవాళ్ల దగ్గర చెరొకటి ఉండొచ్చు. ఇది గ్యారంటీ కాదు, సరిగ్గా కలపని చోట పనికొచ్చే అనుమానం. గెలవాలనే పట్టుదల కన్నా ఆట బాగుండాలనే కోరిక ఎక్కువుంటే, మీరే కట్ట తీసుకుని నేల మీద చెల్లాచెదురుగా పరిచి కలిపేయండి.

ఇక ఈ పాఠంలో కష్టమైన భాగం స్కూట్, అంటే చెయ్యి ఆడకుండా కొంత కౌంట్ ఇచ్చుకుని తప్పుకోవడం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేశాక పెద్ద యాప్‌లు కూడా డబ్బు ఆటలు ఆపేశాయి. మంచిదే అయింది, ఆ అప్పుల్లో ఎన్ని ఇళ్లు నలిగాయో మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఈ పాఠాలు ఇంట్లో కూడా కౌంట్ మీదే, డబ్బు మీద కాదు. అయితే ఉచిత చిప్స్‌తో ఆడటం వల్ల ఒక చెడ్డ అలవాటు పట్టుకుంటుంది: పోయేదేమీ లేదు కదా అని ప్రతి చెయ్యీ ఆడేస్తారు. జోకరు లేదు, రెండు వరస ముక్కలు లేవు, అయినా చూద్దాం అంటారు.

చాప మీద 101 ఆటలో (కౌంట్ 101కి చేరినవాడు అవుట్) ముక్క ఎత్తకముందే వేసే మొదటి స్కూట్ 20, మధ్యలో అయితే 40. చెత్త చెయ్యి ఆడి ఎనభై తినే కన్నా ఇరవై ఇచ్చుకోవడం మేలు. నా కొలత ఇది: జోకరూ లేక, ఒక్క ప్యూర్‌కు కూడా నాలుగు ముక్కల అవకాశం లేకపోతే స్కూట్. దీన్ని పాటించడం లెక్కపరంగా తేలిక, మనుషుల మధ్య కష్టం. ‘ఏంటి బావా, మళ్లీ స్కూటా? పడుకో పోయి’ అని పెళ్లి విడిదిలో పదిమంది ముందు అంటే, పౌరుషానికి పోయి ఆడేస్తాం. ఫోన్‌లో ఈ టెన్షన్ లేదు. ఆ మాట అనే బావ పేజీలో ఎంత కౌంట్ ఉందో చూడండి, సాధారణంగా మీకన్నా ఎక్కువే ఉంటుంది.

ఎనభై దగ్గర ఒక గోడ ఉంది. 80 కౌంట్ ఉంటే ఇంకో స్కూట్ వేసినా 100, బతికే ఉంటారు. 81 ఉంటే స్కూట్ వేసినా 101, అవుట్. అంటే ఎలాంటి చెయ్యి వచ్చినా ఆడి తీరాలి. పైన 33, 32 మధ్య ఒక్క కౌంట్ కోసం సాగదీసింది ఇందుకే. 201 ఆటలో మొదటి స్కూట్ 25 కాబట్టి ఆ గోడ 175 దగ్గర ఉంటుంది. లెక్క రాసేవాడు ఎంత నమ్మకస్తుడైనా ప్రతి చుట్టుకీ నోట్‌బుక్‌లోకి ఒకసారి తొంగి చూడండి. ఎవరు ఆ గోడ దాటారో తెలిస్తే, వాళ్లు చెత్త చేతులతోనూ ఆడక తప్పదనీ తెలుస్తుంది.

ఒక్కో ఇంటికి ఒక్కో రూలు. ఆసు, రెండు, మూడు చెల్లుతుందా? బొమ్మ జోకరే కోతకు వస్తే ఆసులన్నీ జోకర్లా? కింద పడ్డ జోకరు ఎత్తొచ్చా? రెండో సీక్వెన్స్ లేకపోతే ప్యూర్ కూడా కౌంట్‌లోకి వస్తుందా? ఇవి మొదటి ముక్క పంచకముందే అడగండి. షో తర్వాత అడిగితే అది గొడవ. 21 ముక్కల ఆటకు రూల్సే వేరు, దానికి ప్రత్యేకంగా ఒక పాఠం ఉంది.

ఈ వారం అభ్యాసం. పైన చెప్పిన పదమూడు ముక్కలు మీ ముందు పేర్చుకోండి. మిగతా కట్టను బాగా కలిపి బోర్లా పెట్టి, ఒక్కొక్కటిగా ముప్పై ముక్కలు తిప్పండి, ఒకదాని మీద ఒకటి పడేలా. తిప్పుతూ ఇంట్లోవాళ్లతో మాట్లాడుతుండాలి, టీవీ పెట్టుకున్నా సరే. ముప్పై అయ్యాక మీ ఎనిమిదిలో ఎన్ని మిగిలాయో కాగితం మీద రాసి, అప్పుడు దొంతి తిప్పి చూసుకోండి. వరసగా మూడుసార్లు సరిపోయేదాకా చేయండి.

రెండోది లెక్క. 101 ఆటలో నలుగురు ఉన్నారు. కౌంట్లు: మీది 80, మీ తర్వాత ఆడేవాడిది 81, మిగతా ఇద్దరివి 62, 35. మీకు ఒక జోకరు, ఆఠీను తొమ్మిది, పది వచ్చాయి, మిగతా పది ముక్కల్లో ఏదీ దేనికీ కలవదు. స్కూటా, ఆటా? 81 ఉన్నవాడి పరిస్థితి మీ నిర్ణయాన్ని మారుస్తుందా? రాసి ఉంచుకోండి. పాఠం 8 దీని జవాబుతోనే మొదలవుతుంది, తర్వాత ఎర ముక్క వేయడం నేర్చుకుందాం.