రేడియేటర్, పవర్ స్టీరింగ్ పంపు ఇంట్లోనే విప్పే ముందు

అసలు మీ బండికి పంపు ఉందా? ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ స్టీరింగే. పంపు పని బొలెరో లాంటి హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో స్టీరింగ్ తిరిగే) బళ్లకే.

• ఇంజను పూర్తిగా చల్లారాలి. రేడియేటర్ పై హోస్ పైపు నొక్కి చూడండి. వెచ్చగా, గట్టిగా తగిలితే రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, మరిగే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) మొహం మీదకే చిమ్ముతుంది.

• బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కొన్ని బళ్లలో ఇంజను ఆపి తాళంచెవి తీశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది.

• ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

• పాత కూలెంట్ టబ్బులోకి పట్టి మూత పెట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

• ఏసీ పైపులు విప్పొద్దు, గ్యాస్ ప్రెజర్‌లో ఉంటుంది.

• బెల్టు తీసే ముందు అది ఎలా చుట్టి ఉందో ఫోటో తీసుకోండి.

పుల్లీని (బెల్టు తిరిగే చక్రం) సుత్తితో కొడితే కొత్త పంపు షాఫ్టు దెబ్బతింటుంది. పుల్లీని లాగి తీసే పనిముట్టు, పుల్లర్, అద్దెకైనా తెచ్చుకోండి. ఏ ఆయిల్ పోయాలో రిజర్వాయర్ (స్టీరింగ్ ఆయిల్ డబ్బా) మూత మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. పొరపాటున బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బిపోతాయి.

బిగించగానే స్టార్ట్ చేయాలనిపిస్తుంది, ఆగండి. ఆయిల్ పోసి, ముందు చక్రాలు గాల్లో ఉండగా, స్టీరింగ్ లాక్ తీసి, ఇంజను ఆపే ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పండి. రిజర్వాయర్‌లో బుడగలు వస్తాయి, ఆయిల్ తగ్గుతుంది. మళ్లీ పోయండి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి. లేదంటే పంపు కీచుమంటూ ఎండు మీద తిరిగి అరిగిపోతుంది.