చన్నీళ్లలో బాస్ చేపను పట్టాలంటే

నవంబర్ చివరికి అట్లాంటా దగ్గరి లేక్ లానియర్‌లో నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ చుట్టుపక్కలకు దిగుతాయి. చలికి బాస్ మందగిస్తుంది. ఎరను తరమదు, మూతి దగ్గరికొస్తేనే అందుకుంటుంది. కాబట్టి గట్టు వెంట విసిరి లాగడం దండగ.

25–40 అడుగుల లోతులో, మునిగిన చెట్ల పక్కన, ఫిష్‌ఫైండర్‌లో (నీటి కింద చేపల్ని తెరపై చూపే పరికరం) చిరుచేపల గుంపు కనిపించేదాకా పడవ తిప్పండి. అక్కడే నిలువుగా అర ఔన్సు జిగ్గింగ్ స్పూన్ (గాలం ఉన్న బరువైన లోహపు ఎర) దించండి. నేలకు తగిలాక ఒకటిన్నర అడుగు లేపి, దారం కాస్త వదులుగా ఉంచి పడనివ్వండి. బిగబట్టి దించితే స్పూన్ అల్లాడదు. మరీ వదిలేస్తే కాటు తెలియదు. చేప పట్టేది పడేటప్పుడే. దారం మధ్యలో ఆగినా, పక్కకి జరిగినా వెంటనే లాగండి.

కొమ్మల్లో మాటిమాటికీ తగులుకుంటే మూడు ముళ్ల గాలం తీసేసి ఒంటి ముల్లు వేయండి. పట్టి వదిలేసేవాళ్లు 30 అడుగుల కిందికి పోవద్దు, పైకొచ్చేసరికి చేప గాలితిత్తి ఉబ్బిపోతుంది. 16 ఏళ్లు నిండితే జార్జియా రాష్ట్ర చేపల వేట లైసెన్స్ తప్పనిసరి.